గండిపేట అంచున శరత్కాలం

(ఉస్మాన్‌సాగర్ జలాశయానికి, చిలుకూరు అడవికి పక్షుల పరిశీలన కోసం బయలుదేరే ముందురోజు సాయంత్రం, కొత్తగా చేరినవారి కోసం చేసిన ప్రసంగం. చివర జరిగిన ప్రశ్నోత్తరాలతో.)

అందరికీ నమస్కారం. ఆఫీసులు ముగించుకుని, ఈ ట్రాఫిక్‌లో ఇంత దూరం వచ్చారు. పిల్లలను కూడా వెంటబెట్టుకొచ్చారు. చాలా సంతోషం.

రేపు తెల్లవారేసరికి మనం గండిపేట చెరువు దగ్గర ఉంటాం. ఎండ ఎక్కాక అక్కడినుంచి చిలుకూరు అడవికి, అంటే మృగవని జాతీయ పార్కుకు వెళ్తాం. రెండూ మీకు కొత్త చోట్లు కావు. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేయనివారు, గండిపేట కట్ట మీద ఒక్క సాయంత్రమైనా గడపనివారు ఈ గదిలో పెద్దగా ఉండరు. అయితే పక్షుల కోసం వెళ్లేటప్పుడు అదే చెరువును మరో విధంగా చూడాలి. ఆ చూపు గురించే ఈ సాయంత్రం నేను మాట్లాడేది.

చెరువు దగ్గరికి వెళ్లగానే కళ్లు నడిమధ్య నీళ్ల మీదికి పోతాయి. అక్కడ పక్షులు తక్కువ. లోతు నీటిలో నీటికాకులు మునిగి లేస్తుంటాయి, పైన గద్దలు తిరుగుతుంటాయి. మిగిలిన సందడంతా అంచునే. నీరు కాస్త తగ్గిన చోట బయటపడ్డ బురద, దాని వెనక గడ్డి, గడ్డి వెనక తుమ్మలు, తంగేడు పొదలు, ఆ వెనక అడవి. వారం వారం చోటు మారే ఆ సన్నని పట్టీ మీదే శరత్కాలంలో ఎక్కడెక్కడినుంచో వచ్చే పక్షులు బతుకుతాయి. చెరువంటే నీళ్లే అనుకున్నంతకాలం ఈ పట్టీ మన లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదాన్ని పూడ్చేయడానికి, రాళ్లు పరిచేయడానికి ఎవరికీ మనసు కలుక్కుమనదు. నా బాధంతా అదే.

ముందు రుతువు సంగతి చెప్పుకుందాం. పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తికాలు శరత్తు. వానలు వెనక్కి తగ్గుతాయి, ఆకాశం తేటపడుతుంది, రెల్లు పూస్తుంది. పక్షులకు మాత్రం ఈ రుతువు చాలా ముందే మొదలవుతుంది. మనం ఇంకా శ్రావణ మాసపు నోముల్లో ఉండగానే, ఆగస్టులో, కామన్ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి పిట్ట వచ్చి చెరువు అంచు రాళ్ల మీద తోక ఊపుతూ తిరుగుతుంటుంది. ఉత్తర దేశాల్లో వేసవి చాలా చిన్నది. అక్కడ గుడ్లు పెట్టి, పిల్లలు సొంతంగా తిండి వెతుక్కునే దశకు రాగానే పెద్ద పక్షులు తిరుగు ప్రయాణం కడతాయి. ఈ ఉల్లంకి జాతి పిట్టల్లో చాలా రకాలు అంతే. పెద్దవి ముందు వస్తాయి, ఆ ఏడాది పుట్టిన పిల్లలు కొన్ని వారాల తర్వాత విడిగా వస్తాయి. దారి చూపే పెద్దదిక్కు లేదు. వెళ్లే దేశం ఎన్నడూ చూసింది కాదు. అయినా వచ్చేస్తాయి. లిటిల్ స్టింట్ అనే పిట్ట ఉంది. బరువు పాతిక, ముప్పై గ్రాములు. అది పుట్టేది ఆర్కిటిక్ తీరపు టండ్రా మైదానాల్లో. రేపు మన కాళ్ల ముందు బురదలో అది పొడుచుకు తింటూ కనిపిస్తే, దాని ప్రయాణం ఒక్కసారి తలచుకోండి. నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

సెప్టెంబరులో కాటుకపిట్టలు దిగుతాయి. వాగ్‌టెయిల్ అంటున్నది వీటినే. సంస్కృత కవుల ఖంజరీటం కూడా ఇదే. వాటిలో ఒక రకం, తెల్లని కనుబొమలున్న పెద్దది, ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. బూడిదరంగు, పసుపురంగు, తెల్లరంగు కాటుకపిట్టలు మాత్రం వలస వస్తాయి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో, ఖంజరీటం తొలిసారి ఎక్కడ, ఎలా కనిపిస్తే ఏ ఫలితమో చెప్పడానికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. శకునాల మాట అలా ఉంచండి. ఒక చిన్న పిట్ట రాకను గమనించి, అది మొదట దిగిన చోటును గుర్తుపెట్టుకునే అలవాటు ఈ దేశంలో అన్నేళ్ల కిందటే ఉంది. రేపు మీరు నోటు పుస్తకంలో రాసుకోబోయేదీ అదే. తేదీ, చోటు, పిట్ట, అది చేస్తున్న పని.

ఇక గండిపేట. దీని అసలు పేరు ఉస్మాన్‌సాగర్ అని, 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత పుట్టిన ఆలోచన అని మీకు తెలిసే ఉంటుంది. ఆ వరద నగరాన్ని ముంచేసి, వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరానికి మంచినీళ్లిచ్చాయి. పక్షుల కోసమని ఎవరూ కట్టలేదు. కానీ నదికి అడ్డంగా కట్ట వేసినప్పుడు ఎగువన ఏం జరుగుతుందో చూడండి. కట్ట దగ్గర నీరు లోతు. పైకి వెళ్లేకొద్దీ నేల మెల్లని వాలు. నీటిమట్టం ఒక అడుగు తగ్గితే కట్ట దగ్గర రాళ్ల మీద తడి గీత కిందికి జరుగుతుంది, అంతకుమించి తేడా తెలియదు. అదే ఒక్క అడుగు ఎగువన పదుల గజాల బురదను బయటపెడుతుంది. ఆ బురదలో చిన్న చిన్న ఈగల లార్వాలు, వానపాములు, గుల్లలు నిండా ఉంటాయి. నీరు ఇంకో అడుగు తగ్గేసరికి పాత బురద ఎండి గట్టిపడి గడ్డి మొలుస్తుంది, దాని ముందు కొత్త బురద తెరుచుకుంటుంది. అక్టోబరు నుంచి వేసవి దాకా జలాశయం ఇలా మెల్లమెల్లగా వడ్డిస్తూనే ఉంటుంది.

అందుకే చెరువు నిండుకుండలా ఉన్న ఏడాది పక్షులు ఎక్కువ వస్తాయనుకోవడం సరికాదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అలా నీరు గడ్డి దాకా ఎక్కి నిలిచిపోతే బురద ఉండదు. బురద లేకపోతే ఉల్లంకులు దిగవు, చుట్టుపక్కల కుంటలకు, వరి మడులకు వెళ్లిపోతాయి. ఆ రోజుల్లో గండిపేటకు వెళ్లి పక్షులు లేవని నిరాశపడకుండా, ఊళ్ల మధ్య చిన్న కుంటలు చూడాలి. పెద్ద జలాశయం, దాని చుట్టూ ఉన్న చిన్న కుంటలు, తడి పొలాలు అన్నీ కలిస్తేనే పక్షులకు ఒక ఇల్లు. ఒకటి పనికిరానప్పుడు ఇంకొకటి ఆదుకుంటుంది. ఊరి కుంటను పూడ్చి ప్లాట్లు వేసినప్పుడు పోయేది ఆ ఆసరానే.

ఇప్పుడు కాస్త దగ్గరగా చూద్దాం. రేపు అంచున మీకు మొదట మూడు పిట్టలు కనిపిస్తాయి. మూడూ గోధుమరంగువే, మూడూ శాండ్‌పైపర్లే. కొత్తవారు చాలామంది ఇక్కడే విసుగెత్తి బైనాక్యులర్లు దించేస్తారు. దయచేసి దించకండి. ఈ మూడింటినీ విడదీసి చూడడం వస్తే సగం విద్య వచ్చినట్టే.

మొదటిది కామన్ శాండ్‌పైపర్. దాని భుజం దగ్గర చూడండి. ఛాతీ మీది తెలుపు రెక్కకు ముందు పైకి కొసలా దూసుకెళ్తుంది. ఆ తెల్లని కొస ఒక్కటి చాలు. ఒక్క క్షణం కుదురుగా ఉండదు, వెనక భాగం ఆడిస్తూనే ఉంటుంది. ఎగిరితే నీటిని తాకుతున్నంత కిందుగా, రెక్కలను కిందికి వంచి, బిగబట్టి కొట్టుకుంటూ పోతుంది. రెండోది గ్రీన్ శాండ్‌పైపర్. పేరులో గ్రీన్ ఉన్నా ఆకుపచ్చ కోసం వెతకవద్దు. దూరానికి వీపు నల్లగానే కనిపిస్తుంది. ఎక్కువగా ఒంటరిగా, పిల్ల కాలువల మలుపుల్లో, చిన్న మడుగుల్లో ఉంటుంది. మనం దగ్గరికి వెళ్లగానే గట్టిగా అరుస్తూ లేస్తుంది. లేచినప్పుడు తోక మొదట్లో మెరిసే తెలుపు, రెక్కల కింద నలుపు చూస్తే ఇక అనుమానం ఉండదు. మూడోది వుడ్ శాండ్‌పైపర్. వీపంతా తెల్లని చుక్కలు, కన్ను పైన పొడుగాటి తెల్లని గీత, పసుపు ఛాయ ఉన్న పొడుగు కాళ్లు. ఇది గుంపులుగా తడి గడ్డిలో తిరుగుతుంది. మూడూ ఒకే చెరువులో ఉంటాయి కానీ ఒకటి రాళ్ల అంచున, ఒకటి మడుగులో, ఒకటి గడ్డిలో. పిట్టను చూడకముందే అది నిలబడ్డ చోటును చూడమని నేను పదే పదే అనడానికి కారణం ఇదే.

ఇదే బురద మీద ఇంకా చిన్న పిట్ట ఒకటి నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, ఒక పోటు పొడిచి, మళ్లీ పరుగెత్తుతుంది. లిటిల్ రింగ్డ్ ప్లవర్. దాని కంటి చుట్టూ పసుపురంగు ఉంగరం ఉంటుంది. ఎండ సరిగ్గా పడినప్పుడు ఆ ఉంగరం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో! పిల్లలూ, రేపు ఆ ఉంగరాన్ని ముందు ఎవరు చూస్తారో చూద్దాం. దాని పక్కనే స్టింట్లు ఉంటే కాళ్లు గమనించండి. నల్లని కాళ్లయితే లిటిల్ స్టింట్, పసుపు కాళ్లయితే టెమ్మింక్స్ స్టింట్.

బాతుల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే రేపటికి అవి ఇంకా పూర్తిగా రావు. గార్గనీ అన్నిటికంటే ముందు వస్తుంది. కానీ ఈ నెలల్లో మగవి కూడా ఆడవాటిలాగే మాసిన గోధుమరంగులో ఉంటాయి, బొమ్మల్లోని తెల్లని కనుబొమ గీత కోసం వెతికితే దొరకదు. సూదితోక బాతులు, పారముక్కు బాతులు కార్తికంలో పెరుగుతాయి. జక్కవలు కూడా అప్పుడే. మన కావ్యాల్లో రాత్రయితే జంట విడిపోయి విలపించే జక్కవలు ఇవే, లడఖ్, టిబెట్, మధ్య ఆసియాల నుంచి వస్తాయి. నారింజరంగు ఒళ్లు, పాలిపోయిన తల, ఎగిరినప్పుడు రెక్కల్లో పెద్ద తెల్లని మచ్చ. ఇంకా చలి ముదిరాక మన రాష్ట్రపు పెద్ద జలాశయాలకు బార్ హెడెడ్ గూస్ వస్తుంది. తల వెనక రెండు నల్లని పట్టీలున్న పెద్ద బాతు. హిమాలయాలను దాటి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు కట్టి పరిశీలించినప్పుడు ఒక పక్షి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదైంది. అంత పలచని గాలిలోనూ ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ దాని రక్తంలో ఉంది. ఈ పక్షులన్నీ వాడే దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే దారి అది. అందులో గండిపేట ఒక మజిలీ.

ఇక నీటిని వదిలి రెండడుగులు పైకి రండి. తంగేడు, గునుగు ఉండే చోటుకు. బతుకమ్మ పేర్చేవారికి ఈ చోటు నాకన్నా బాగా తెలుసు. భాద్రపదం వెళ్లగానే బీళ్లలో, గట్ల మీద, చెరువు వాలుల్లో పూచేవే ఆ పూలు. ఆ పూల చుట్టూ పురుగులు, పురుగుల కోసం పిట్టలు. గునుగు గింజలకు మునియా పిట్టలు గుంపులుగా వాలతాయి. తీగల మీద, ఎండు కొమ్మల మీద బ్రౌన్ ష్రైక్ కూర్చుని మిడతలు పట్టుకుంటుంది, అదీ వలస పిట్టే. మరి బతుకమ్మకు పూలు దొరకడం లేదని, బజారులో కొనుక్కోవలసి వస్తోందని నగరం చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమంది అంటున్నారో విన్నారు కదా! పిట్టలు తగ్గాయని నేనూ, పూలు తగ్గాయని వారూ చెబుతున్నది ఒకే బీడు భూమి గురించి.

ఇక్కడే పాలపిట్ట కూడా. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా రోజు జమ్మికి మొక్కి, పొలిమేర దాటి వెళ్లి పాలపిట్టను చూసి రావడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. ఆ ఆచారం నాకు ఎంతో ఇష్టం. ఏడాదికొక్కసారైనా ఊరు ఊరంతా ఒక పక్షిని వెతుక్కుంటూ బయటికి నడవాలని చెప్పిన పండుగ ఇంకెక్కడుంది? కానీ ఇప్పుడు కొన్ని చోట్ల పక్షి దగ్గరికి మనం వెళ్లడం లేదు, పక్షిని మన దగ్గరికి తెప్పించుకుంటున్నాం. పండుగకు ముందే పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తారు. పురుగులు వేటాడి బతికే పిట్టకు పంజరంలో సరైన తిండి ఉండదు, కట్టిన రెక్కలు విప్పినా మళ్లీ ఎగరలేకపోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. 30 వేల మందికి పైగా పక్షి పరిశీలకులు నమోదు చేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనల ఆధారంగా 2023లో దేశంలోని పక్షుల స్థితిగతులపై ఒక నివేదిక వచ్చింది. పాలపిట్టల సంఖ్య 30 శాతానికి పైగా పడిపోయిందని అందులో ఉంది. మనకు బాగా తెలిసిన, రోజూ చూస్తున్నామనుకున్న పిట్ట! అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను, పంజరంలోని పాలపిట్టకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఎవరైనా చూపిస్తుంటే అటవీ శాఖకు ఫోను చేయండి.

స్వేచ్ఛగా ఉన్న పాలపిట్టను చూడడం ఏమంత కష్టం కాదు. చిలుకూరు దారిలో పొలాల పక్క కరెంటు తీగలు చూస్తూ వెళ్లండి. కూర్చున్నప్పుడు అది గోధుమ, లేత వంగపండు రంగు కలిసిన మామూలు పిట్ట. కదలదు. కింద గడ్డిలో మిడత కదిలితే ఒక్కసారిగా రెక్కలు విప్పి దిగుతుంది. అప్పుడు చూడాలి, ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా ఆ రెక్కల్లో! మిడతను ముక్కున కరుచుకుని తీగ మీదికి తిరిగి వచ్చి, రెండు మూడుసార్లు తీగకేసి కొట్టి మింగుతుంది. ఆ పని అయ్యాక మళ్లీ కదలకుండా కూర్చుంటుంది. ఎంతసేపైనా నిలబడి చూడవచ్చు.

ఎండ ఎక్కాక అడవికి వెళ్తాం. మృగవని విస్తీర్ణం 3.6 చదరపు కిలోమీటర్లు. జాతీయ పార్కు అన్న పేరుకు చాలా చిన్నది. టేకు, చందనం, మోదుగ, రేల, వెదురు ఉన్న ఆకురాల్చే అడవి. వానల తర్వాత ఇంకా పచ్చగా, ఆకు దట్టంగా ఉంటుంది. కాబట్టి చెప్పేస్తున్నాను, ఇక్కడ కళ్లతో కన్నా చెవులతో పని ఎక్కువ. పది నిమిషాలు నడిచినా ఒక్క పిట్ట కనిపించకపోవచ్చు. అలా ఖాళీగా అనిపించే అడవిలో ఉన్నట్టుండి ఒక చెట్టు నిండా పిట్టలు కదులుతాయి. అది కలగలుపు గుంపు. అయోరా, స్మాల్ మినివెట్, బూడిదరంగు టిట్, తోక విప్పి ఆడించే ఫాన్‌టెయిల్, వీటి వెంట ఒక ఏట్రింత, అంటే డ్రోంగో. ఒక్కో జాతి ఒక్కో ఎత్తులో, ఒకటి ఆకు కింద, ఒకటి బెరడు మీద, ఒకటి గాలిలో పురుగులు పట్టుకుంటూ కలిసి సాగుతాయి. ఎక్కువ కళ్లుంటే డేగ రాకను ముందే పసిగట్టవచ్చు. ఒకటి కదిపిన పురుగు ఇంకొకదానికి దొరుకుతుంది. ఏట్రింత ప్రమాదం వస్తే ముందు అరుస్తుంది, సందు దొరికితే పక్కవాటి నోటి దగ్గరి పురుగునూ లాక్కుంటుంది. గుంపు కనిపించగానే దాని వెంట పడవద్దు. ఏ దిక్కుకు పోతోందో చూసి, ముందుగా వెళ్లి నిలబడండి. అవే మీ మీదుగా దాటతాయి.

ఆ గుంపులో ఆకుపచ్చగా, బొటనవేలంత, క్షణం నిలవని పిట్ట ఉంటే అది గ్రీనిష్ వార్‌బ్లర్ కావచ్చు. ఎనిమిది గ్రాముల ప్రాణి. హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాన ఉన్న అడవుల నుంచి వస్తుంది. చలికాలమంతా కొన్ని చెట్లను తన జాగాగా పెట్టుకుని, వేరే వార్‌బ్లర్ వస్తే తరిమేస్తుంది. దాన్ని చూడడం కన్నా వినడం తేలిక. ‘చిస్‌వీ’ అని రెండు తునకలుగా పలికే పిలుపు ఒకసారి పట్టుకుంటే, రేపటినుంచి మీ కాలనీ వేపచెట్టు మీద కూడా అది వినిపిస్తుంది. ఎన్నేళ్లుగా అక్కడే ఉందో, మనం వినలేదు అంతే.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు 1931-32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. అప్పటికి ఈ రెండు జలాశయాలూ పసివే. ఆయన సర్వే నాటికి నగరానికీ ఈ నీటికీ మధ్య ఎంత ఖాళీ భూమి ఉండేదో, ఇప్పుడు గండిపేట దాకా వరసగా ఉన్న అపార్టుమెంట్లు చూస్తే తెలుస్తుంది. 1996లో వచ్చిన 111 జీవో ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నిషేధించింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. దాని మీద వాదాలు చాలా ఉన్నాయి, భూములున్న రైతుల గోడూ ఉంది, అదంతా ఈ సాయంత్రం తేలేది కాదు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది సుందరీకరణ గురించి. ఎక్కడ చెరువు బాగుచేసినా చేసే పని ఒక్కటే అయిపోయింది. అంచు చుట్టూ రాళ్లు పేర్చి నిలువు గట్టు కడతారు, పైన నడకదారి వేస్తారు, తుమ్మలు కొట్టేసి లాన్ పరుస్తారు, లైట్లు పెడతారు. నీరు శుభ్రంగా కనిపిస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి. బురద ఉండదు, వాలు ఉండదు, పొద ఉండదు. అంటే కామన్ శాండ్‌పైపర్ ఒక్కదానికి తప్ప మరే ఉల్లంకికీ కాలు మోపే చోటుండదు. నడకదారి వద్దని నేను అనను. మూడు వైపులా వేసుకోండి, ఎగువన వాలు ఉన్న ఒక్క వైపు వదిలేయండి. మీ కాలనీ చెరువు గురించి సమావేశం జరిగితే ఈ ఒక్క మాట అడగండి: నీరు తగ్గినప్పుడు బురద ఎక్కడ మిగులుతుంది?

రేపటికి కొన్ని సంగతులు. మట్టిరంగు బట్టలు వేసుకోండి. ఎండ వీపుకు తగిలేలా నిలబడి చూడండి, ఎదురెండలో అన్నీ నల్ల బొమ్మలే. బురద మీదికి దిగవద్దు. ఆకలితో వేల మైళ్లు వచ్చిన పిట్టను మనం ఒక్కసారి లేపినా అది తిన్న తిండిలో కొంత వృథా అవుతుంది. ఫోనులో పక్షుల కూతలు పెట్టి పిలవవద్దు. డ్రోన్లు అసలే వద్దు. చూసినవి ఈబర్డ్‌లో, అంటే పక్షి పరిశీలనలు నమోదు చేసే ఆన్‌లైన్ వేదికలో, నమోదు చేయడం ఎలాగో టీ తాగేటప్పుడు చూపిస్తాను.

ఇక మీ ప్రశ్నలు.

(బైనాక్యులర్లు ఎలాంటివి కొనాలని ఒకరు అడిగారు.)

ఎనిమిది బై నలభై రెండు సరిపోతుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లవి కొంటే ఇంకా బాగుంటుందనుకుంటారు, కానీ చెయ్యి వణికితే బొమ్మ కూడా అంత ఎక్కువగా వణుకుతుంది. అప్పుడే కొనకండి. రేపు మా దగ్గర ఉన్నవి పంచుకుందాం, ఈ చలికాలం గడిచాక కూడా ఆసక్తి ఉంటే కొనుక్కోవచ్చు.

(దారి చూపేవారు లేకుండా పిల్ల పక్షులకు దారి ఎలా తెలుస్తుందని ఒక బాబు అడిగాడు.)

ఎంత మంచి ప్రశ్న నాన్నా! పక్షులు సూర్యుణ్ని, నక్షత్రాలను, భూమి అయస్కాంత బలాన్ని వాడుకుంటాయి. ఏ దిక్కుకు, ఎంతకాలం ఎగరాలో చాలా జాతుల్లో పుట్టుకతోనే వస్తుంది. 1950లలో నెదర్లాండ్స్‌లో పెర్డెక్ అనే శాస్త్రవేత్త వలస దారిలో ఉన్న వేలాది స్టార్లింగ్ పిట్టలను పట్టి, ఉంగరాలు తొడిగి, స్విట్జర్లాండ్‌కు తీసుకెళ్లి వదిలారు. పెద్ద పిట్టలు తాము దారి తప్పామని గ్రహించి, దిశ మార్చుకుని ఎప్పుడూ వెళ్లే చోటువైపే వెళ్లాయి. తొలిసారి బయలుదేరిన పిల్లలు మాత్రం పాత దిశలోనే ఎగిరి వేరే దేశాల్లో దిగాయి. అంటే పిల్లలకు దిక్కు తెలుసు, చోటు తెలియదు. ఒకసారి వెళ్లి వచ్చాక చోటు కూడా తెలుస్తుంది. రేపు నువ్వు చూసే స్టింట్ గండిపేటను తొలిసారి చూస్తుండవచ్చు, నీలాగే.

(నీరు తగ్గిన చోట రైతులు పంటలు వేస్తారు కదా, అది పక్షులకు నష్టమా అని చెరువు పక్క ఊరి నుంచి వచ్చిన ఒకామె అడిగారు.)

లేదమ్మా, ఆ సాగు వల్లే వచ్చే నష్టం పెద్దగా లేదు. దున్నిన తడి నేలలో కాటుకపిట్టలు, కొంగలు, గోరింకలు నాగలి వెంటే తిరుగుతాయి, మీరు రోజూ చూస్తూనే ఉంటారు. నష్టం రెండింటి వల్ల. ఒకటి నీటి అంచు దాకా కొట్టే పురుగుమందు. అది పిట్టల తిండిని చంపి, మనం తాగే నీటిలోకి దిగుతుంది. రెండోది పిట్టలు రాకుండా చేను చుట్టూ కట్టే సన్నని వల. రాత్రిపూట దిగే పక్షులు అందులో చిక్కుకుంటాయి. మందు కొట్టకుండా నీటికి ఆనుకుని నాలుగు బారలు వదిలితే చాలు. రేపు దారిలో రైతులు కనిపిస్తే ముందు వారిని పలకరించండి, అందరూ వినండి ఇది. ఏ పిట్ట ఏ వారంలో దిగిందో, ఎక్కడ వాలిందో పొద్దున్నే పొలానికి వచ్చేవారికి తెలిసినంతగా మనకు తెలియదు. అడిగి రాసుకోండి. గట్టు మీదే నడవండి, నారు తొక్కవద్దు. ఉదయం ఐదున్నరకు బాలాజీ గుడి దారి మలుపులో కలుద్దాం. సూర్యుడు పైకి రాకముందే అంచుకు చేరాలి, కాబట్టి ఆలస్యమైన వారి కోసం ఆగలేం. నీళ్ల సీసా, టోపీ, నోటు పుస్తకం తెచ్చుకోండి.